కుదురు

ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన మధ్యాహ్నమే బొంగరం కిటికీతో పేచీ పెట్టుకుంది. రెక్క తీసినప్పుడల్లా కిర్రుమంటోందట. రెండు చుక్కల నూనె వేసొచ్చి మళ్లీ కూర్చుంటానంది.

"కూర్చో" అంది పిన్ని.

"ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నాగా."

"ఒళ్లు కూర్చుంది. కళ్లు అప్పుడే స్టూలెక్కి స్క్రూలు విప్పుతున్నాయి. నాకు కనపడట్లేదనుకున్నావా?"

బొంగరం కూర్చున్నది మధ్యలో పెద్ద చిల్లున్న గుండ్రటి దిండు మీద. కుట్ల మీద బరువు పడకూడదని ఆస్పత్రి వాళ్లు కొనిపించిన దిండు అది. పిన్ని దాన్ని చూడగానే 'కుదురు' అని పేరు పెట్టేసింది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట లాగే ఉంది మరి. "కుదురు మీద కూర్చోబెడితేనన్నా నీకు కుదురొస్తుందేమో చూద్దాం" అని ఆస్పత్రి మెట్ల మీదే ఒకటే నవ్వు. నవ్వితే కింద కుట్లు లాగుతాయని బొంగరం మాత్రం పళ్లు బిగబట్టి ఊరుకుంది.

కుదురన్నది ఆమె ఒంట్లో ఏనాడూ లేదు. పసితనంలో తల్లి ముద్దుగా 'బంగారం' అని పిలుస్తుంటే, "బంగారమైతే పెట్టిన చోటే ఉండేది కదక్కా, ఇది బొంగరం" అంది పిన్ని. ఆ పిలుపే ఖాయమైపోయింది. తల్లి పోయాక పిలుపుతో పాటు పిల్ల కూడా పిన్ని చేతికే వచ్చింది. ఆ తర్వాత పేరు మారింది, బట్టలు మారాయి, నడక మారింది, గుర్తింపు కార్డు మీద మగ అన్న చోట ఆడ అని పడింది. ఆ పిలుపు ఒక్కదాన్నీ మార్చాల్సిన పని పడలేదు. బొంగరానికి ఆడా మగా ఏముంది?

పని కూడా ఒంటికి తగ్గదే దొరికింది. ఆమె లిఫ్టు మెకానిక్కు. పొద్దున్న ఒక భవనం నేలమాళిగలో ఉంటే మధ్యాహ్నం ఇంకో భవనం నెత్తి మీద ఉంటుంది. ఇనుప తాళ్లు, బ్రేకులు, మొరాయించే తలుపులు, మధ్య అంతస్తులో ఇరుక్కుని కేకలు పెట్టే జనం. ఒక్కచోట నిలబడమని అక్కడ ఎవరూ అనరు.

ఇప్పుడామె చేయించుకొచ్చింది యోనిని నిర్మించే ఆపరేషన్. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడనుకున్న ఒంటిని తన ఒంటిగా చేసుకోవడానికి ఏళ్ల తరబడి కాచుకున్న ఆపరేషన్. దాని గురించి ఎన్ని కలలు కందో లెక్కలేదు. ఆ తర్వాత వచ్చే రోజుల గురించి మాత్రం ఒక్క కలా కనలేదు.

ఆ రోజుల సంగతి ఆస్పత్రిలో నర్సే చెప్పింది. లోపల కూరిన గాజుగుడ్డ, మూత్రపు గొట్టం తీసేసిన పూట, చిన్న పెట్టె తెరిచి మూడు నున్నటి కడ్డీలు చూపించింది. ఒకదాని కన్నా ఒకటి లావు. డైలేటర్లు అంటారంది.

"ఇది మీకు దారి. కానీ ఆ సంగతి ఒంటికింకా తెలీదమ్మా. గాయం అనుకుంటుంది. గాయాన్ని మూసేయడమే దానికి తెలిసిన పని. అందుకని రోజూ, పూట పూటకీ, దీంతో చెబుతూ ఉండాలి, ఇది మూయాల్సింది కాదు అని. మొదటి నెలల్లో ఒక్క పూట కూడా మానకూడదు."

నర్సు చెబుతున్నంతసేపూ పిన్ని పక్కనే నిలబడి బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చాక పెట్టె తెరిచి మూడింటినీ ఎగాదిగా చూసి, "చిన్నోడు, నడిపోడు, పెద్దోడు" అని నామకరణం చేసింది. ఆ రోజు నుంచీ ఇంట్లో మాటలు అలాగే నడిచాయి. "చిన్నోడు కడిగి ఆరబెట్టాను." "నడిపోడితో పనయిందా?" ఎవరైనా గుమ్మంలో నిలబడి వింటే ఈ ఇంట్లో ముగ్గురు మగపిల్లలున్నారనుకునేవాళ్లు.

పిన్ని ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు కండక్టరు. ముప్పై ఏళ్లు నిలబడి నిలబడి మోకాలు అరిగిపోతే, రెండేళ్ల కిందట దాన్ని తీసేసి ఇనుపది పెట్టారు. అప్పుడు సెలవు పెట్టి వెళ్లి సేవ చేసింది బొంగరమే. సేవంటే మామూలు సేవ కాదు. కాలు వంచకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు అన్న ఒక్క మాట పట్టుకుని, పొద్దునా సాయంత్రం ఆ మోకాలిని వంచి వంచి పిన్నికి చుక్కలు చూపించింది. ఒకరోజు నొప్పికి తాళలేక పిన్ని నీళ్ల గ్లాసు విసిరేసింది. అది గోడకి తగిలి సొట్టపోయింది. ఇప్పుడు ఆ బాకీ అణా పైసలతో తీర్చుకుంటున్నట్టు, బొంగరం ఇంట్లో మకాం వేసి, గడియారం చూసి మరీ గదిలోకి తోలుతోంది.

"వెళ్లు. టైమైంది."

"ఇప్పుడే కదా అయింది?"

"అది పొద్దుటి పూట. ఇది మధ్యాహ్నపు పూట. లేచి వెళ్లు."

తలుపేసుకుని, పాత తువ్వాలు పరుచుకుని, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోవాలి. కడ్డీకి జెల్లు దండిగా రాయాలి. ఊపిరి వదులుతూ నెమ్మదిగా, ముందు కిందికి, ఆ తర్వాత లోపలికి. అందాల్సినంత అందాక కదలకుండా అలాగే ఉండాలి. బొంగరానికి నొప్పి కన్నా ఆ కదలకుండా ఉండడమే ప్రాణాంతకంగా ఉండేది. కప్పు మీద పగుళ్లు చూసేది. ఫ్యాన్ బేరింగు అరిగిందని శబ్దాన్ని బట్టి పసిగట్టేది. లేచి విప్పాలనిపించేది. లేవకూడదు.

మిగతా సంగతులు కొన్ని నవ్వుకునేలాగే ఉన్నాయి. మూత్రానికి వెళితే అది ఒక దిక్కున పోయేది కాదు, తోట పైపుకి బొటనవేలు అడ్డం పెట్టినట్టు నాలుగు దిక్కులా చిమ్మేది. "వాపు తగ్గితే సర్దుకుంటుందన్నారు" అని ఆమె తల దించుకుంటే, "సర్దుకునేదాకా నేల నువ్వే తుడు" అని పిన్ని మాపు కర్ర చేతికిచ్చి, అంతలోనే నాలుక కరుచుకుని లాక్కుంది. వంగకూడదు కదా మరి.

నవ్వుకోలేనివి వేరే ఉన్నాయి.

ఒకరోజు పిన్ని బజారుకెళ్లినప్పుడు బొంగరం చేతి అద్దం పట్టుకుని చూసుకుంది. ఉబ్బి, కమిలి, నల్లటి దారాలతో అక్కడ కనబడింది ఏమిటో ఆమెకి పోల్చుకోవడం కూడా కాలేదు. మొదట్లో అలాగే ఉంటుందని, నెలలు పోయాక గానీ ఒక రూపానికి రాదని నర్సు ముందే చెప్పింది. చెప్పింది గుర్తుంది. అయినా అద్దం దింపేసరికి గుండెలో ఏమీ లేదు. దుఃఖం కూడా కాదు, ఖాళీ. ఇన్నేళ్లూ ఈ ఒక్క రోజు కోసమేగా, మరి సంతోషం ఏదీ? ఎక్కడన్నా పడిపోయిందా? ఆస్పత్రిలో మరిచిపోయి వచ్చిందా?

ఎవరికి చెప్పుకుంటుంది? అడిగి అడిగి, అందరితో పోట్లాడి చేయించుకున్న మనిషి, అయ్యాక మొహం వేలాడేస్తే వినేవాళ్లు ఏమంటారు? చూశావా, అప్పుడే చెప్పాం అంటారు. అందుకని ఎవరితోనూ నోరు మెదపలేదు. మెదపని మాట కాళ్లలోకి దిగింది. గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేది. పిన్ని కుదురు చంకన పెట్టుకుని వెనకే తిరిగేది.

పని నుంచి మేస్త్రి రోజూ ఫోన్ చేసేవాడు. పెద్దాయన, ఆమెకి పని నేర్పింది ఆయనే. "అమ్మాయ్, ఆ పాత ఆఫీసు బిల్డింగులో తలుపు మళ్లీ మూసుకోవట్లేదు. ఏం చెయ్యమంటావ్?" అనేవాడు. ఆ పది నిమిషాలూ బొంగరం మొహంలోకి నెత్తురు వచ్చేది. చేతులు గాల్లో తిప్పుతూ, సెన్సరు తుడవమనీ, కింద పట్టాలో చెత్త ఇరుక్కుందేమో చూడమనీ చెప్పేది. ఫోన్ పెట్టేశాక మళ్లీ మామూలే.

పూట ఎగ్గొట్టడం ఒక నొప్పితో మొదలైంది. ఒక సాయంత్రం కడ్డీ బయటికి తీస్తే మీద నెత్తుటి చార కనిపించింది. కింది మూలన ఒకచోట కుట్టు విడిచినట్టు చురుక్కుమంది. చిన్న చిన్న చోట్ల కుట్లు విడవడం మామూలే, అలాంటిదేమన్నా ఉంటే ఫోన్ చెయ్యమని నర్సు చెప్పే పంపింది. బొంగరం ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏం వినాల్సొస్తుందోనని భయం. కాస్త మాననిద్దాం, ఒక్క పూట ఆగుదాం అనుకుంది. ఒక్క పూట రెండయింది. ఆ తర్వాత తలుపేసుకుని, తువ్వాలు పరుచుకుని, పెట్టె తియ్యకుండానే కప్పు కేసి చూస్తూ పడుకోవడం అలవాటైపోయింది.

"అయిందా?" అని బయటి నుంచి పిన్ని.

"ఆఁ, అయింది."

వారం పైన సాగింది ఆ అబద్ధం. కానీ ముప్పై ఏళ్లు టికెట్ లేనివాళ్లని మొహం చూసి పట్టేసిన మనిషి దగ్గర ఎన్నాళ్లు సాగుతుంది? ఒక పొద్దున పిన్ని జెల్లు గొట్టం చేత్తో పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎన్ని పూటలైంది?"

"ఏది?"

"ఆ 'ఏది' అనడమే టికెట్ లేనివాడి మొదటి మాట. కిటికీలోంచి బయటికి చూడ్డం రెండోది. ఇటు చూడు. ఈ గొట్టం మొన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంది. తువ్వాలు ఉతుకుదామని తీస్తే తడి లేదు, మరక లేదు. ఎన్ని పూటలైంది?"

"నొప్పిగా ఉంది పిన్నీ. కొన్నాళ్లు ఆగి చేస్తాను."

"ఆగితే మూసుకుపోతుందని ఆవిడ అంత విడమరిచి చెప్పింది కదా! నాకు మాత్రం నొప్పి పుట్టలేదా? నా మోకాలు వంచినప్పుడు నువ్వు ఆగావా?"

"నీ మోకాలూ నాదీ ఒకటేనా? నీ మోకాలు నీతో పాటే పుట్టింది!"

"పుట్టింది తీసి పారేశారే! ఇనుపది పెట్టారు!"

ఇంకోరోజైతే ఇద్దరూ ఆ మాటకి పడీ పడీ నవ్వేవాళ్లు. ఆరోజు బొంగరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు ఊపిరాడట్లేదు ఈ ఇంట్లో. నన్నొదిలెయ్" అంటూ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే? ఒసేయ్, ఆ గుమ్మం దాటావంటే ఊరుకోను!"

గుమ్మం దాటేటప్పుడు బొంగరానికి ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లుగా పిన్ని మామూలప్పుడు ఎంత జాగ్రత్తగా మాట్లాడినా, కోపం వస్తే మాత్రం నోరు జారి పాత 'ఒరేయ్' వచ్చేసేది. వచ్చాక నొచ్చుకునేది. ఈసారి ఇంత కోపంలోనూ నాలుక తడబడలేదు. ఆ మాటకి ఆగి వెనక్కి రావాల్సిన మనిషే. కానీ కాళ్లు అప్పటికే మెట్లు దిగుతున్నాయి.

టాక్సీ ఎక్కి తిన్నగా పని దగ్గరికి వెళ్లింది. కుదురు ఇంట్లోనే ఉండిపోయింది. సీటు మీద ఒక పక్కకి ఒరిగి, గతుకు వచ్చినప్పుడల్లా చేతుల మీద లేస్తూ కూర్చుంది. ముందురోజు మేస్త్రి ఫోన్లో చెప్పిన భవనం అది, పైన మోటారు గదిలో బ్రేకు నుంచి కీచుమని శబ్దం వస్తోందన్నాడు. ఆ శబ్దం పొద్దుట్నుంచీ ఆమె చెవుల్లోనే ఉంది. కింద కాపలావాడు తెలిసినవాడే, చెయ్యి ఊపి లోపలికి పంపించాడు. పై అంతస్తు దాకా లిఫ్టులోనే వెళ్లింది. అక్కడి నుంచి మోటారు గదికి సన్నటి ఇనుప నిచ్చెన. బరువులెత్తొద్దు, ఎక్కొద్దు, కాళ్లు ఎడంగా చాపొద్దు అన్న మాటలన్నీ ఆ నిచ్చెన దగ్గర గుర్తొచ్చాయి. గుర్తొస్తుండగానే ఎక్కేసింది.

గ్రీజు వాసన, వేడి, తిరిగే చక్రం. ప్రాణం లేచి వచ్చింది. చక్రం పక్కన నిలబడి చెవి పెట్టి వింది. లిఫ్టు కిందికి వెళ్లింది, ఆగింది, పైకి వచ్చింది, ఆగింది. బ్రేకు మెత్తగా పడుతోంది. ఎక్కడా కీచుమనడం లేదు. మళ్లీ వింది. లేదు.

అప్పుడే తొడ లోపలి వైపు వెచ్చగా ఏదో జారింది. చెయ్యి పెట్టి చూస్తే ఎర్రగా ఉంది. ఇన్నాళ్లూ చూసిన చార లాంటిది కాదు. గోడకి ఆనుకుని అలాగే కింద కూలబడి ఫోన్ తీసింది.

మేస్త్రి నిచ్చెన ఎక్కి వచ్చేసరికి చెమటలు కక్కుతున్నాడు. ఒక్కసారి చూశాడు, వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకునే తన పై చొక్కా విప్పి ఇచ్చాడు. "మడత పెట్టి గట్టిగా అదిమి పట్టుకో. ఆస్పత్రికి ఫోన్ కలుపుతున్నా" అన్నాడు. నర్సు కూడా అదే మాట అంది, గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి, పడుకోబెట్టి వెంటనే తీసుకురండి అని. నిచ్చెన దిగేటప్పుడు కింది నుంచి ఒక్కో పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టించాడాయన.

కారు వెనక సీట్లో పడుకుని బొంగరం అడిగింది, "మేస్త్రిగారూ, బ్రేకు శబ్దం ఏదీ?"

ఆయన ముందు సీట్లో మెడ గోక్కున్నాడు. "శబ్దమేం లేదమ్మా."

"మరి ఆఫీసు బిల్డింగు తలుపు?"

"అది సరి చేసి చాలా రోజులైంది. నీకు పొద్దుపోక పిచ్చెక్కుతుంటుందని, మా ఆవిడే... ఏదో ఒకటి అడుగుతూ ఉండమంది. ఇలా పరిగెత్తుకొస్తావని తెలిస్తే అడిగేవాణ్ణే కాదు."

బొంగరం మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసింది. కింది మూలన కుట్టు కాస్త విడిచి, అక్కడా లోపలా, గాయం మానేటప్పుడు వచ్చే ఎర్రటి పచ్చికండ ఎక్కువగా పెరిగింది. అదే చిట్లి నెత్తురు పోతోంది. నొక్కి పెట్టి నెత్తురు ఆపి, పచ్చికండకి మందు పుల్ల అంటించింది. అది కాసేపు భగ్గుమంది. "ఇది ప్రమాదం కాదు. ఇలా చాలామందికి వస్తుంది. మొదట నెత్తురు కనిపించగానే వచ్చుంటే ఇంత దాకా వచ్చేది కాదు" అంది. తర్వాత నర్సు చేతులు కడుక్కుని, చిన్న కడ్డీతో చూసింది. చిన్నోడు వెళ్లాడు గానీ ఇదివరకు వెళ్లినంత దూరం వెళ్లలేదు. నడిపోడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మూసుకుపోయిందా?" అడిగింది బొంగరం.

"మూసుకోలేదు. బిగిసింది. లోతు కొంత తగ్గింది" అంది నర్సు. "మళ్లీ చిన్నదాంతో మొదలుపెట్టి నెమ్మదిగా వెళ్లాలి. చాలావరకు తిరిగొస్తుంది. అంతా వస్తుందని మాత్రం మాటివ్వను."

ఆ మాట అంటుండగానే, మేస్త్రి ఫోన్ చేస్తే పిన్ని వచ్చింది. రొప్పుతూ, కాలు ఈడ్చుకుంటూ, చంకలో కుదురుతో సహా. తిడుతుందేమోనని బొంగరం చూసింది. పిన్ని తిట్టలేదు. మంచం పక్కన నిలబడి ఆమె కాలి బొటనవేలు పట్టుకుంది, అంతే. ఆ పట్టుకోవడంతో ఇన్నాళ్లుగా బిగబట్టిందంతా బయటికొచ్చేసింది.

"నాకు సంతోషంగా లేదు పిన్నీ. తప్పు చేశాననీ కాదు. వెనక్కి మారుస్తామంటే చస్తే ఒప్పుకోను. కానీ సంతోషం రావట్లేదు. ఆ కడ్డీ పట్టుకున్నప్పుడల్లా ఇదంతా దేనికి అనిపిస్తోంది. ఎవరికి చెప్పను? నేనే కదా ఏడ్చి మొత్తుకుని చేయించుకుంది."

పిన్ని నర్సు వైపు చూసింది. నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇక్కడికొచ్చేవాళ్లలో చాలామంది ఈ మాటే అంటారమ్మా. తలుపేశాక, గొంతు తగ్గించి. ఒంటి మీద అంత పెద్ద కోత పడింది. నిద్ర లేదు. ఆపరేషన్ కోసం హార్మోను మాత్రలు కొన్నాళ్లు ఆపారు, మళ్లీ మొదలుపెట్టినా ఒంటికి పట్టేదాకా మనసు ఇలాగే కిందికీ మీదికీ అవుతుంది. పైగా ఇన్నేళ్ల ఎదురుచూపు ఒక్క రోజులో అయిపోయింది. దాని చోట ఏం పెట్టుకోవాలో తెలీదు. ఇది కృతఘ్నత కాదు. మాట్లాడ్డానికి ఇక్కడే ఒకావిడ ఉన్నారు, రేపే చూపిస్తాను. తగ్గకుండా ముదిరితే మందూ ఉంది. కానీ దాచుకోవడం మాత్రం వద్దు. మీరు దాచుకుంది చూడండి, ఎక్కడికెళ్లి బిగిసిందో."

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు బొంగరం టాక్సీలో కుదురు మీదే కూర్చుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు పిన్ని కిటికీ వైపు తిరిగి అంది, "నేనూ ఏడ్చాను. మోకాలు వేయించుకున్నాక. స్నానాలగదిలో కుళాయి విప్పుకుని."

"ఎప్పుడు? నాకు తెలీదే?"

"నీకెలా చెప్పను? సెలవు పెట్టుకొచ్చి అంత హుషారుగా నా కాలు వంచేస్తుంటే. నడవలేనన్న బెంగ కాదే. ఆ ఇనుపది నాది కాదనిపించేది. పొద్దున్నే లేచి చూసుకుంటే ఎవరిదో కాలు నా పక్కలో పడుకుందనిపించేది. నాలో కలవడానికి ఏడాది పట్టింది." బండి కదిలాక, "నాకు తిట్టడం తప్ప ఇంకోటి తెలీదు. గడియారం చూసి తిట్టడం మరీ బాగా తెలుసు. లోపల నీకేమవుతోందో అడగాలన్నది తట్టలేదు" అంది.

"గ్లాసు విసిరావు కదా, అప్పుడన్నా నాకు తెలియాల్సింది" అంది బొంగరం.

మర్నాటి నుంచి మళ్లీ చిన్నోడితో మొదలు. తలుపు మూసే ఉండేది గానీ, బయట కుర్చీ వేసుకుని పిన్ని కూర్చునేది. లోపల బొంగరానికి ఊపిరి అందేది కాదు, తొడలు బిగుసుకునేవి, వేళ్లు మంచంపట్టె మీద దరువేసేవి.

"వదులు చెయ్యమంది కదా నర్సు, వదులు చెయ్యి."

"వదులు చెయ్ అంటే ఇంకా బిగుస్తోంది పిన్నీ! ఇంకేదైనా చెప్పు. ఏదో ఒకటి."

పిన్నికి కథలు రావు, పాటలు అసలే రావు. గొంతు సవరించుకుని వచ్చిందే మొదలుపెట్టింది. "రైట్, రైట్. డిపో దాటింది. మార్కెట్ దిగేవాళ్లు ముందుకు రావాలి. బుట్టలు దారిలో పెట్టొద్దమ్మా, జనం తొక్కితే నన్ననొద్దు. మార్కెట్! కూరగాయలావిడ ఎక్కింది, రోజూ చిల్లర లేదంటుంది. రైట్. పోస్టాఫీసు. ఇక్కడ ఒక ముసలాయన ఎక్కుతాడు, ఎప్పుడూ ఉత్తరం వెయ్యడు, దిగి చూసి మళ్లీ ఎక్కుతాడు, ఎందుకో తెలీదు..."

తాను రోజూ తిరిగిన దారి అది. ఏ మలుపులో ఏ చెట్టు కొమ్మ అద్దానికి తగిలేదో, ఏ స్టాపులో ఏ జంట పోట్లాడుకుంటూ ఎక్కి రాజీపడి దిగేదో, అన్నీ ఉన్నాయి పిన్ని దగ్గర. బొంగరం కళ్లు మూసుకుంది. మంచం మీద పడుకున్న మనిషి బస్సులో కూర్చుంది. బయట ఇళ్లు, కొట్లు వెనక్కి జారిపోతున్నాయి. ఒళ్లు ఒకచోట ఉన్నా లోపలేదో కదులుతోంది కదా, అది చాలింది దానికి. తొడలు వాటంతటవే వదులయ్యాయి.

"వంతెన మీద బండి ఆగింది. ఎందుకాగిందా అని చూస్తే, మా డ్రైవరు దిగి బాతుల్ని దాటిస్తున్నాడు. వెనక ఇన్‌స్పెక్టరు జీపు!"

"నవ్వించకు పిన్నీ! నవ్వితే బిగుస్తోంది."

"అయితే బండి ఆపేస్తా. నువ్వు ఊపిరి వదిలాకే రైట్ అంటా."

అలా ఎన్నిసార్లు డిపో నుంచి ఆఖరి స్టాపుకి వెళ్లి వచ్చారో. ఒకోరోజు బండి హాయిగా సాగేది. ఒకోరోజు మొదటి స్టాపులోనే బొంగరం "చాల్లే, నోర్ముయ్" అని అరిచేది, పిన్ని కూడా లేచి వెళ్లిపోయేది. కాసేపయ్యాక ఇద్దరూ మళ్లీ ఎవరి చోటికి వాళ్లు చేరేవాళ్లు. కుట్టు విడిచిన చోట అడుగు నుంచి నెమ్మదిగా కండ పట్టింది. పసుపు పచ్చటి స్రావం తగ్గింది. ధార ఒక దారికి వచ్చింది. వాపు తగ్గిన కొద్దీ నరాలు మేలుకుని, ఉన్నట్టుండి కరెంటు షాకు కొట్టినట్టు చురుక్కుమనేవి. మొదటిసారి కొట్టినప్పుడు వంటింట్లో గరిట జారవిడిచింది. అది మంచి గుర్తేనని, తీగలు కలుస్తున్నాయని నర్సు చెబితే, తీగల సంగతి మాకు తెలిసిందేలెండి అంది బొంగరం.

ఆస్పత్రిలో మాటలావిడ దగ్గరికి వారం వారం వెళ్లింది. మొదట ఒక్క మాటా రాలేదు. తర్వాత ఆపితే ఆగేది కాదు. ఖాళీ ఒక్కసారిగా పోలేదు. పోయిన రోజు ఇదీ అని ఆమె చెప్పలేదు కూడా. కానీ ఒక పొద్దున స్నానం చేసి, తుడుచుకుని, జుట్టు ముడేసుకున్నాక ఒక సంగతి తోచి అలాగే నిలబడిపోయింది. చిన్నప్పటి నుంచీ సబ్బు రాసుకునేటప్పుడు ఆమె చెయ్యి నడుము దగ్గరికి వచ్చేసరికి చుట్టుదారి పట్టేది, చూడకుండా, ఆగకుండా, వేరే ఎవరిదో ఒళ్లు తోముతున్నట్టు. ఇవాళ చెయ్యి తిన్నగా పోయింది. పోయినట్టు ఆమెకి తెలియను కూడా లేదు. స్నానం అంటే ఇదేనా, అందరూ రోజూ ఇలాగే చేస్తారా అనుకుంది. తడి తువ్వాలు పట్టుకుని పిన్నికి చెబుదామని వంటింటి దాకా వెళ్లి, ఎలా చెప్పాలో తెలియక, "నీళ్లు బాగా కాగాయి" అని వచ్చేసింది.

నడిపోడు లోపలికి రావడానికి చాలా కాలం పట్టింది. పెద్దోడికి ఇంకా ఎక్కువే పట్టింది. పోయిన లోతులో కొంత తిరిగి రానే లేదు. డాక్టరమ్మ కొలిచి, "ఇంతే ఉంటుంది. సరిపోతుంది" అంది. ఆ మాటకి బొంగరం ఒకరోజంతా గోడ వైపు తిరిగి పడుకుంది. తన చేతులారా పోగొట్టుకుంది అది, ఇంకెవర్నీ అనడానికి లేదు. రెండోరోజు లేచి మధ్యాహ్నపు పూట మానకుండా చేసుకుంది. ఇక ముందు పూటలు తగ్గుతాయి గానీ, పూర్తిగా మానడమన్నది ఉండదని ఆమెకి తెలుసు.

పనిలో మొదట బల్ల పని ఇచ్చారు. విడిభాగాలు సరిచూసి పంపడం. ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చుంది. మేస్త్రి అటుగా వెళ్లేటప్పుడు నిచ్చెనలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి వెళ్లేవాడు. డాక్టరమ్మ సరేనన్నాక గానీ ఆ తాళం తియ్యలేదు.

పిన్ని తన ఇంటికి బయలుదేరిన రోజు వాన కురిసి వెలిసింది. బస్టాపు దాకా సాగనంపడానికి బొంగరం సంచీ అందుకుంటే, పిన్ని చేతి మీద ఒక్కటేసి సంచీ లాక్కుంది. నాలుగడుగులు వేసేసరికి బొంగరం ముందు, పిన్ని వెనక.

"కాస్త నెమ్మదిగా నడవ్వే తల్లీ. రైలేం తప్పిపోదు. బస్సే."

బస్సు వచ్చింది. పిన్ని ఎక్కి, నిలబడే చోటు వెతుక్కోబోయి, గుర్తొచ్చి సీట్లో కూర్చుంది. కండక్టరు కుర్రపిల్ల. టికెట్ కొట్టడంలో ఏదో తప్పు పట్టుకున్నట్టుంది, బస్సు కదిలేటప్పటికి పిన్ని ఆ పిల్లకి చెయ్యి తిప్పుతూ పాఠం చెబుతోంది. బొంగరం వైపు చూడనే లేదు.

ఇల్లు ఎడమవైపు. బొంగరం కుడివైపు తిరిగింది. తడి రోడ్డు మీద ఊరికే, పనేమీ లేకుండా, చేతులూపుకుంటూ రెండు వీధులు నడిచింది. వానకి మూసిన కొట్లు మళ్లీ తెరుస్తున్నారు. ఒకచోట కొత్త భవనం లేస్తోంది. ఆగి, ఇనుప చట్రం మధ్య లిఫ్టు కోసం వదిలిన ఖాళీ ఎంతుందో తలెత్తి చూసింది. ఎక్కాలనిపించింది. నవ్వుకుంది. సాయంత్రపు పూట వేళ కావస్తోందని చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి తిరిగింది, పెద్ద అంగలతో.